హాట్‌పాట్ బల్ల దగ్గర కూర్చునే ముందు

హాట్‌పాట్ రెస్టారెంట్‌లో వంటవాళ్లు చేసేది సగం పనే. కూరగాయలు తరిగి, మాంసం పల్చగా కోసి, మరుగుతున్న సూప్ తెచ్చి మీ బల్లమీది స్టవ్‌పై పెడతారు. పచ్చి ముక్కలు అందులో వేయడం, ఉడికాయో లేదో చూసి తీయడం, ఉప్పు ఎక్కువవకుండా కనిపెట్టుకోవడం మీ వంతు. మామూలు హోటల్లో వంటగది గోడ వెనక జరిగే లెక్కలు ఇక్కడ తినేవాళ్ల చేతికి వస్తాయి. వేడి ఎంత, ఎన్ని నిమిషాలు, ఉప్పు ఎంత, చివరికి బిల్లు ఎంత అన్నవే ఆ లెక్కలు. రాయ్‌పూర్‌లో మొదటిసారి హాట్‌పాట్ తినబోతున్న తెలుగు కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇది మన ప్రాంతానికి బొత్తిగా కొత్త వంటకమా అంటే, ఛత్తీస్‌గఢ్ వరకు కాదనే చెప్పాలి. సర్గుజా జిల్లాలో అంబికాపూర్ దగ్గర మైన్‌పాట్ అనే పీఠభూమి ఉంది. 1960ల మొదట్లో టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకు అక్కడ నివాసం కల్పించారు. ఆ టిబెటన్ల సంప్రదాయంలో గ్యాకోక్ అనే పండుగ వంటకం ఉంది. నడుమ పొగగొట్టం ఉన్న ఇత్తడి లేదా రాగి పాత్రలో, గొట్టం అడుగున నిప్పులు వేసి, చుట్టూ ఉన్న గాడిలో సూప్, మాంసం, కూరగాయలు, సేమ్యా ఉడికిస్తారు. చైనాలో ఈ పద్ధతికి ఎన్నో ప్రాంతీయ రూపాలు ఉన్నాయి. బీజింగ్‌లో గొర్రెమాంసంతో చేసే రకానికి పేరుపడ్డ దోంగ్‌లైషున్ 1903లో మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో కనిపించే హైదీలావ్ గొలుసు 1994లో సిచువాన్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో పుట్టింది. ఎర్రగా, నూనె తేలుతూ ఉండే ఘాటైన సూప్ సిచువాన్, చోంగ్‌చింగ్ ప్రాంతాలది. తేటగా ఉండే సూప్ ఉత్తరాదిది.

ముందుగా వేడి సంగతి. నీళ్లు అన్ని ఊళ్లలో నూరు డిగ్రీల దగ్గరే మరగవు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ దిగుతుంది. విశాఖ తీరంలో 100 అనుకుంటే, సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉన్న రాయ్‌పూర్‌లో 99. హైదరాబాద్‌లో, సిచువాన్ రాజధాని చెంగ్డూలో 98కి కొంచెం పైన. వెయ్యి మీటర్లు దాటిన మైన్‌పాట్‌లో 96 చిల్లర. 3,600 మీటర్ల పైన ఉన్న లాసాలో 88 దగ్గర. లాసా వాళ్లకు ఇది పెద్ద తేడాయే. రాయ్‌పూర్‌లో మాత్రం ఆ ఒక్క డిగ్రీ గురించి దిగులు పడాల్సిన పనిలేదు. మాంసంలో ఉండే హానికర సూక్ష్మజీవులు చావడానికి ముక్క లోపలిదాకా 70 డిగ్రీలు చేరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 99కీ 70కీ మధ్య బోలెడంత వెసులుబాటు ఉంది.

ఆ వెసులుబాటును మనమే పోగొట్టుకునే తీరు ఒకటుంది. ఆకలి మీద పళ్లెం మొత్తం ఒకేసారి కుండలోకి వంచేయడమే అది. నీరూ ఆహారమూ దాదాపు ఒకేలా వేడెక్కుతాయనుకుని చేసిన అంచనా లెక్క ఇది. కుండలో రెండు లీటర్ల సూప్ మరుగుతోంది. ఫ్రిజ్‌లోంచి వచ్చిన, 5 డిగ్రీల చల్లదనంలో ఉన్న అరకిలో ముక్కలు ఒక్కసారిగా వేశారు. సూప్ వేడి 99 నుంచి 80కి పడిపోతుంది. స్టవ్ నుంచి నిజంగా కుండకు చేరే వేడి 1,000 వాట్లయితే, మళ్లీ మరగడానికి మూడు నిమిషాలకు పైగా పడుతుంది. అదే అరకిలోని నాలుగు వాయిలుగా, ఒక్కోసారి 125 గ్రాములు వేస్తే వేడి 93 కిందికి దిగదు. నిమిషం తిరక్కుండానే కుండ మళ్లీ మరుగుతుంది.

నాలుగు వాయిలూ కలిపితే అదే మూడు నిమిషాలు కదా అని మీరు అడగవచ్చు. అవును, ఖర్చయ్యే వేడి అంతే. తేడా వచ్చేది కుండ చిన్నదైనప్పుడు. చాలాచోట్ల ఒక్కొక్కరికీ వేరువేరుగా లీటరు కుండ ఇస్తారు. లేదా నడుమ గోడ ఉన్న జంట కుండ తెస్తారు. చూడటానికి పెద్దదే కానీ ఒక్కో పక్క ఉండేది లీటరే. అందులో అదే అరకిలో ఒకేసారి పడితే సూప్ 68 డిగ్రీలకు వస్తుంది. అంటే సూప్ వేడే 70 గీత కిందికి దిగిపోయింది, ఇక ముక్క లోపలి సంగతి చెప్పనక్కర్లేదు. పైకి మాంసం రంగు మారి ఉడికినట్టే కనిపిస్తుంది. ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే ఇదే గుర్తుంచుకోండి: కొంచెం కొంచెంగా వేయండి. రుచీ అందులోనే ఉంది, జాగ్రత్తా అందులోనే ఉంది.

గడ్డకట్టిన ముక్కలు ఇంకా ఎక్కువ వేడి లాగేస్తాయి. ఐస్ కరగడానికే బోలెడు వేడి కావాలి. 200 గ్రాముల ఫ్రిజ్‌లోని ముక్కలు రెండు లీటర్ల సూప్‌ను 90 దగ్గరికి దించితే, అంతే బరువున్న, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్ నుంచి నేరుగా వచ్చిన చేప ఉండలు 85 దగ్గరికి దించుతాయి. కాబట్టి ఉండలు, డంప్లింగులు వేసినప్పుడు వాటితోపాటు ఇంకేమీ వేయకండి.

ఇక నిమిషాలు. గడియారం చూడాల్సింది ముక్క వేసినప్పటి నుంచి కాదు, సూప్ మళ్లీ బుడగలు వేసినప్పటి నుంచి. కాగితమంత పల్చగా కోసిన మటన్‌కు ఒకటి రెండు నిమిషాలు చాలు. చికెన్ పల్చటి ముక్కలైతే రెండు మూడు. అంగుళం మందం ముక్కలు పంపితే ఏడెనిమిది నిమిషాలైనా ఉంచి, ఒకటి కోసి చూసి, లోపల గులాబీ రంగు లేకుండా ఉంటేనే తినండి. రొయ్య చుట్టుకుని, గాజులా ఉన్న ఒళ్లు తెల్లబడాలి. దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. చేప ముక్క పొరలుగా విడిపోవాలి. ఆకుకూరకు అర నిమిషం, పుట్టగొడుగులకు మూడు నాలుగు, బిళ్లలుగా కోసిన బంగాళాదుంపకు నాలుగైదు, మొక్కజొన్న కండె ముక్కలకు పది. గడ్డకట్టిన ఉండలు పైకి తేలాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. తేలిందంటే లోపల కూడా ఉడికిందని కాదు.

పచ్చి మాంసం వేసే చాప్‌స్టిక్స్ వేరు, నోటికి పెట్టుకునేవి వేరు. ఇవ్వకపోతే ఇంకో జత అడగండి, లేదా చిల్లుల గరిటె అడగండి. ఇంట్లో పచ్చి చికెన్ కోసిన కత్తితో దోసకాయ తరగరు కదా, ఇదీ అంతే. గుడ్డు సొన పచ్చిగా గిన్నెలో వేసుకుని ముక్కలు ముంచుకునే అలవాటు జపాన్‌లో ఉంది. అక్కడ పచ్చిగా తినడానికే ప్రత్యేకంగా గుడ్లను సిద్ధం చేసే ఏర్పాట్లు ఉన్నాయి. ఇక్కడ దాన్ని అనుసరించవద్దు, గుడ్డును కుండలోనే పగలగొట్టండి.

పచ్చి పళ్లేలు బల్లమీద ఎంతసేపు ఉండవచ్చు? సాధారణ గది వేడిలో రెండు గంటలు దాటకూడదన్నది ఆహార భద్రత నిపుణుల లెక్క. గది 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో రాయ్‌పూర్ పగటి వేడి 42 దగ్గర తిరుగుతుంది. ఏసీ ఉన్న గదైనా, మరుగుతున్న కుండ పక్కనే పళ్లెం పెట్టుకుంటే అది ఎండలో పెట్టినట్టే. మాంసం, చేప ఒకేసారి తెప్పించుకోకుండా రెండు విడతలుగా తెమ్మనండి. ఏ మంచి రెస్టారెంటూ కాదనదు.

ఛత్తీస్‌గఢ్ సంతల్లో దొరికే సరుకుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. హాట్‌పాట్ తిని ఇష్టపడ్డవాళ్లు ఇంట్లో కూడా మొదలుపెడతారు. అప్పుడు చేతికందేవి ఇవే. వానాకాలంలో వచ్చే లేత వెదురు మొలకలను ఇక్కడ కరీల్ అంటారు. హాట్‌పాట్‌లో వెదురు మొలకలు మామూలే కాబట్టి నేరుగా వేసేద్దామనిపిస్తుంది. వేయకూడదు. పచ్చి మొలకల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. ముందే పల్చగా కోసి, నీళ్లలో బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసిన తర్వాతే వండాలి. హాట్‌పాట్‌లో నీళ్లు పారబోయం, తాగుతాం. రెస్టారెంట్లలో వాడే డబ్బా మొలకలు ముందే ఉడికించినవి, వాటితో ఆ భయం లేదు. కోచై అని పిలిచే మన చామదుంపకు ఇంకో ఇబ్బంది. అందులోని సూదుల్లాంటి ఆక్జలేట్ స్ఫటికాలు సరిగ్గా ఉడకకపోతే గొంతు దురద పుట్టిస్తాయి. దాన్ని ఇంట్లోనే మెత్తగా ఉడికించి తెచ్చి కుండలో వేడిచేసుకుంటే చాలు. సాల అడవుల్లో తొలకరికి వచ్చే పుట్టగొడుగులు ఇక్కడివాళ్లకు ప్రాణం. వాటిని గుర్తుపట్టడం తెలిసినవాళ్ల దగ్గరే కొనండి. విషపు పుట్టగొడుగుల్లో చాలా వాటి విషం ఎంత మరిగించినా పోదు. ఇక లేత ఆకుకూరల విషయంలో మాత్రం రాయ్‌పూర్ అదృష్టవంతురాలు. భాజీల వైవిధ్యానికి ఈ రాష్ట్రం పెట్టింది పేరు. పొన్నగంటి, తోటకూర, చెన్న భాజీ అనే శనగాకు, ఏది వేసినా తేట సూప్‌లో అర నిమిషంలో మెత్తబడి అద్భుతంగా ఉంటుంది. విదేశీ ఆకులకు ఎక్కువ డబ్బు పోయాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

శాకాహారులు అడిగే ప్రశ్న ఒకటుంది. జంట కుండలో ఒక పక్క శాకాహార సూప్, ఇంకో పక్క మాంసాహార సూప్ ఉంటే సరిపోతుందా? నిష్ఠగా ఉండేవాళ్లకు సరిపోదు. ఉధృతంగా మరిగినప్పుడు గోడ దాటి చుక్కలు పడతాయి, గరిటెలు మారిపోతాయి. వేరే కుండ, వీలైతే వేరే బల్ల అడగడం మేలు. ఇంకో సంగతి సూప్‌కు వాడే మసాలా ముద్ద గురించి. చోంగ్‌చింగ్ పద్ధతి ఘాటు సూప్‌ను సంప్రదాయంగా పశువుల కొవ్వుతో చేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో గోవధ నిషేధం ఉంది. ఇక్కడి రెస్టారెంట్లు వంటనూనెతో చేసుకోవచ్చు. అయినా ప్యాకెట్ ముద్ద వాడుతున్నారేమో, అందులో ఏ కొవ్వు ఉందో అడగడం మీ హక్కు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. చిన్న గిన్నెల్లో ఇచ్చే సాస్‌లలోనూ చేప, రొయ్య, ఆయిస్టర్ ఉండవచ్చు. సూప్ శాకాహారమైనంత మాత్రాన సాస్ కూడా శాకాహారం అనుకోవద్దు.

ఇప్పుడు ఉప్పు. హాట్‌పాట్‌లో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా కనిపించే లెక్క ఇదే, దీన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములకన్నా తక్కువ ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే ఒక టీస్పూన్‌కు కాస్త వెలితి. మామూలు రుచికి సూప్‌లో నూటికి ఒక పాలు ఉప్పు ఉంటుందనుకుందాం. రెండు లీటర్ల కుండలో 20 గ్రాములు. నలుగురు కూర్చున్న బల్లమీద ఆ నలుగురికీ రోజంతటికీ చెప్పిన ఉప్పు మొత్తం ఆ ఒక్క కుండలోనే ఉంది. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల సూప్ తాగితే 2 గ్రాములు లోపలికి పోతుంది.

అది మొదట్లో మాట. కుండ మరుగుతున్న కొద్దీ నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. సన్నటి మంట మీద 500 వాట్ల వేడి కుండకు చేరుతున్నా గంటకు ముప్పావు లీటరు నీరు ఎగిరిపోతుంది. గంట తర్వాత కుండలో ఉన్న లీటరుంపావులో అదే 20 గ్రాములు ఉంటే, గ్లాసుకు 3 గ్రాముల పైమాటే. ఇప్పుడు వెయిటర్ వచ్చి సూప్ నింపమంటారా అని అడుగుతాడు. మళ్లీ ఉప్పు సూప్ ముప్పావు లీటరు పోస్తే కుండలో ఉప్పు 27 గ్రాములు దాటుతుంది. మామూలు వేడినీళ్లు పోస్తే మొదటి స్థితికే వస్తుంది. ముక్కలు పీల్చుకున్న ఉప్పును ఈ లెక్కలో పట్టించుకోలేదు, అయినా దిశ మారదు. అందుకని సూప్ తగ్గినప్పుడల్లా వేడినీళ్లే అడగండి. రుచి చాలకపోతే రెండోసారి సూప్ పోయించుకోవచ్చు.

సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. దాన్ని పచ్చిమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం, నువ్వుల ముద్దతో కలిపి పల్చబరుచుకుంటే సగంతో సరిపోతుంది. అజీనోమోటో సంగతేమిటని కొందరికి సందేహం. గ్రాముకు గ్రాము చూస్తే అందులో సోడియం ఉప్పులో ఉన్నదానిలో మూడోవంతే. భయపడాల్సింది దాన్ని చూసి కాదు, మొత్తం కలిపి ఎంత సోడియం అన్నదాన్ని చూసి. రక్తపోటు, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ముక్కలు తిని సూప్ వదిలేయడం మంచిది. గౌట్ ఉన్నవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. మాంసంలోని ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉడికేకొద్దీ సూప్‌లోకి దిగుతాయి. భోజనం చివర మిగిలే చిక్కటి సూప్ అందుకే రుచిగా ఉంటుంది, అందుకే వాళ్లకు పనికిరాదు.

ఎర్ర సూప్ మన గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకు ఏపాటి అనుకోకండి. అందులో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మిరపకాయ మంట మనకు తెలిసిందే. సిచువాన్ మిరియాలు మంట పుట్టించవు, పెదవులు జివ్వుమని తిమ్మిరెక్కేలా చేస్తాయి. లండన్ శాస్త్రవేత్తలు 2013లో దీన్ని కొలిచారు. పెదవి మీద సెకనుకు 50 సార్లు కంపిస్తున్నట్టు అనిపిస్తుందని తేలింది. దీనికి దగ్గరి బంధువైన చెట్టు మన తూర్పు కనుమల్లోనూ ఉంది. గోవా, కొంకణ్ చేపల కూరల్లో దాని కాయల్ని తిర్ఫల్ పేరుతో వాడతారు. ఎర్ర సూప్‌లోని కారం నూనెలో కరిగి పైన తేలుతుంది కాబట్టి మడతలున్న ఆకుకూరలు, పుట్టగొడుగులు దాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే దాదాపు 120 కేలరీలు, రెండు ఇడ్లీలంత. మాంసం ఎర్ర సూప్‌లో, ఆకులు తేట సూప్‌లో వేయడం తెలివైన పని. పిల్లలకు తేటదే.

కుండలోంచి తీసిన ముక్క వెంటనే నోట్లో పెట్టకండి. 65 డిగ్రీలకన్నా వేడిగా ఉండే పానీయాలు తాగే అలవాటు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. కుండలో సూప్ 90 పైన ఉంటుంది. చిన్న గిన్నెలోకి తీసుకుని, చల్లటి సాస్‌లో ముంచి, కాసేపు ఆగి తినండి.

బొగ్గులతో వేడిచేసే సంప్రదాయ పాత్ర చూడముచ్చటగా ఉంటుంది. కానీ తలుపులన్నీ మూసిన ఏసీ గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి వాసన లేదు. అలాంటి పాత్ర ఉంటే ఆరుబయటో, గాలి బాగా ఆడేచోటో కూర్చోండి. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి రండి. ఇండక్షన్ స్టవ్‌తో ఈ బాధ లేదు. గంటన్నర సేపు సగటున 1,000 వాట్లతో నడిచినా అయ్యేది ఒకటిన్నర యూనిట్ కరెంటు. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా 15 రూపాయలు.

ఎంత ఆర్డర్ చేయాలి?  పెద్దవాళ్లకు మనిషికి 120 నుంచి 150 గ్రాముల మాంసం లేదా పనీర్, 150 నుంచి 200 గ్రాముల కూరగాయలు, 50 గ్రాముల ఎండు నూడుల్స్ సరిపోతాయి. నలుగురికి కలిపి సుమారు 1.3 నుంచి 1.6 కిలోలు. మెనూలో పళ్లెం బరువు రాయకపోతే అడగండి. 100 గ్రాముల పళ్లెమో 250 గ్రాముల పళ్లెమో తెలియకుండా ధర పోల్చలేం. బఫేలో అయితే వదిలేసిన దానికి అదనంగా వసూలు చేస్తారేమో ముందే తెలుసుకోండి.

చివరగా బిల్లు. లెక్క సులువుకోసం నలుగురి తిండి 2,400 రూపాయలయిందనుకుందాం. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, అంటే 120. బిల్లు మీద కేంద్రానికి 60, రాష్ట్రానికి 60గా రెండు వరుసల్లో కనిపిస్తుంది, అది రెండుసార్లు వేసినట్టు కాదు. మొత్తం 2,520. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం ఉంటుంది కాబట్టి అదే తిండి 2,832 అవుతుంది. డిస్కౌంట్ ఇస్తే పన్ను లెక్క డిస్కౌంట్ పోగా మిగిలిన మొత్తం మీదే.

సర్వీస్ ఛార్జి వేరు. అది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. 2,400 మీద 10 శాతం వేస్తే 240, దానిపై జీఎస్టీ 12, వెరసి 252. మన ఉదాహరణలో అసలు జీఎస్టీకి రెట్టింపుకన్నా ఎక్కువ. రెస్టారెంట్లు దీన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. బల్ల దగ్గర శ్రద్ధగా చూసుకున్న కుర్రాడికి మీ ఇష్టంతో ఇచ్చే టిప్పు దీనికి సంబంధం లేనిది, అది ఇవ్వండి. బిల్లులో కలిపిన సర్వీస్ ఛార్జిని మాత్రం తీసేయమని మర్యాదగా అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అదే బిల్లు మీద 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు కూడా ఉండాలి. తిండి విషయంలో ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందు కావాల్సింది ఆ నంబరే, కాబట్టి బిల్లు పారేయకుండా ఒక ఫొటో తీసి ఉంచుకోండి.